అంగన్‌వాడీలకు ‘గౌరవం’ సరే.. వేతనమేదీ?

గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు చిన్నారులకు పోషకాహారం అందించడం, పసివారికి ఆటపాటలతో చదువు అలవాటు చేయడం, టీకాల కార్యక్రమానికి తోడ్పడటం.. 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) ప్రారంభమైన నాటి నుంచి ఈ బాధ్యతలన్నీ అంగన్‌వాడీల భుజాలపైనే ఉన్నాయి. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌తో ఫోన్‌లో వివరాల నమోదు కూడా తోడైంది. అయినా ప్రభుత్వ లెక్కల్లో వీరికి ముట్టేది జీతం కాదు, గౌరవ వేతనం. వివాదమంతా ఆ పదం చుట్టూనే తిరుగుతోంది.

రాష్ట్రానికో లెక్క

జీతమైతే కనీస వేతనం హక్కవుతుంది. గౌరవ వేతనమైతే పాలకుల ఇష్టాన్ని బట్టి పెరుగుతుంది. కేంద్రం 2018 అక్టోబర్ నుంచి ప్రధాన కేంద్రాల కార్యకర్తలకు నెలకు రూ.3,000ను రూ.4,500కు, ఆయాలకు రూ.1,500ను రూ.2,250కు పెంచింది. ఆపైన ఎంత కలపాలన్నది రాష్ట్రాల ఇష్టానికే వదిలేశారు. ఫలితంగా ఆంధ్రప్రదేశ్ 2019లో కార్యకర్తలకు రూ.11,500, ఆయాలకు రూ.7,000 చేయగా, తెలంగాణ 2021లో రూ.13,650, రూ.7,800 చేసింది. పని ఒక్కటే, ప్రతిఫలం మాత్రం వేరు.

అడిగితే సేవ.. ఆపితే అత్యవసరం

తెలంగాణ కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామన్న హామీని నెరవేర్చాలని, గ్రాట్యుటీ వర్తింపజేయాలని కోరుతూ ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగారు. 42 రోజుల పాటు సాగిన ఆ సమ్మెపై ప్రభుత్వం 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించింది. వేతనం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకులైన వారే, పని ఆపగానే అత్యవసర సేవల సిబ్బంది అయ్యారు. విధానంలోని వైరుధ్యానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

కోర్టు చూపిన దారి

అంగన్‌వాడీలవి ప్రభుత్వ కొలువులు కావని 2006లో సుప్రీంకోర్టు పేర్కొంది. అయితే 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వారికి వర్తిస్తుందని 2022 ఏప్రిల్ 25న అదే కోర్టు తేల్చింది. ప్రభుత్వోద్యోగులు కాకున్నా కార్మికులకు దక్కే హక్కులు వారికి దక్కవచ్చని దీంతో స్పష్టమైంది. పథక కార్మికులకు కనీస వేతనం ఇవ్వాలని 45వ భారత కార్మిక సదస్సు 2013లోనే సిఫారసు చేసింది.

ఆంధ్రప్రదేశ్‌లోనే కార్యకర్తలు, ఆయాలు కలిపి లక్షకు పైగా ఉన్నందున ఖజానాపై భారం తప్పదన్న వాదనను కొట్టిపారేయలేం. ఆ భారాన్ని కేంద్రం, రాష్ట్రాలు ఎలా పంచుకోవాలన్నదే అసలు ప్రశ్న. అది తేలనంత కాలం ప్రతి పెంపూ ఎన్నికల వరంగానే మిగులుతుంది, ప్రతి సమ్మెలోనూ కేంద్రాలకు తాళాలు పడతాయి. చివరకు నష్టపోయేది పల్లెల్లోని పసివారే.