మరక కోసం ఊపిరి పణమా?

సంక్రాంతికి వారం ముందు క్యాజువాలిటీలో తప్పకుండా కనిపించే కేసు ఒకటుంది. బాత్‌రూమ్ కడుగుతూ ఊపిరాడక వచ్చిన ఇల్లాలు. 'ఏం వేశారమ్మా?' అంటే జవాబూ ఒకటే. 'యాసిడ్ పోశాను సార్, మరక పోలేదు. పైన కాస్త బ్లీచింగ్ చల్లాను.'

ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. గాలికన్నా బరువు, కిందనే నిలుస్తుంది. తలుపు మూసిన గదిలో నేలకు వంగి రుద్దుతున్న మనిషికి నేరుగా ముక్కులోకే పోతుంది. కళ్ల మంట, దగ్గు, ఛాతీ బిగుతు వెంటనే వస్తాయి. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. అందుకే 'తగ్గింది, ఇంటికెళ్తాం' అన్నా పంపను. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ హైడ్రోక్లోరిక్ యాసిడే. వాటితోనూ బ్లీచింగ్ కలపకూడదు.

ఇంతకీ ఆ మరక ఏమిటి? చాలా ఇళ్లలో అది బోరు నీళ్లలోని సున్నం. బ్లీచింగ్ ఎంత చల్లినా పోదు. గ్లేజు టైల్స్ అయితే వెనిగర్‌లోనో, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలోనో తడిపిన గుడ్డను అరగంట పరిచి, తర్వాత రుద్దితే చాలావరకు వదులుతుంది. ఓపిక కావాలి, అంతే. కడప బండ, తాండూరు బండ, పాలరాయి ఉన్నచోట మాత్రం ఏ పులుపూ వద్దు. అవన్నీ సున్నపు జాతి రాళ్లు. యాసిడ్ పోయగానే వచ్చే నురగ చూసి మురికి పోతోందని మురిసిపోతాం, కరిగేది బండ. గరుకెక్కిన బండకు మురికి ఇంకా గట్టిగా పడుతుంది. మా క్వార్టర్స్ బాత్‌రూమ్‌లో కుళాయి కింద ఓ తెల్ల మచ్చ ఏళ్లుగా ఉంది. దానివల్ల ఎవరికీ జబ్బు చేయలేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది సీసా. వాడేసిన కూల్‌డ్రింక్ సీసాల్లో, పైన చీటీ కూడా లేకుండా యాసిడ్ వీధుల్లోకి వస్తోంది. కొన్నవారి వివరాలు రాసుకోవాలని, 18 ఏళ్ల లోపు వారికి అమ్మకూడదని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తోపుడు బండి దగ్గర రిజిస్టరు నేనైతే ఎన్నడూ చూడలేదు. తనిఖీ చేయాల్సినవాళ్లు కదలాలి. నీళ్లనుకుని ఆ సీసా ఎత్తిన పిల్లవాడికి అన్నవాహిక కాలుతుంది. పుండు మానాక అది సన్నబడితే, మెతుకు దిగడానికి పదేపదే ఎండోస్కోపీతో వెడల్పు చేయించుకోవాలి.

పైగా ఆస్పత్రికి తెచ్చేలోపు ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తారు. అది చేయకండి. యాసిడ్ పైకి వస్తూ రెండోసారి కాలుస్తుంది. నోరు పుక్కిలింపజేసి వెంటనే తీసుకురండి, ఆ సీసా కూడా తెండి. కంట్లో పడితే మాత్రం ముందు కుళాయి కింద పావుగంటకు తగ్గకుండా కడగండి. ఆ తర్వాతే ఆటో.