చేపపిల్లలకు ఇంటి మేత

గాజుతొట్టిలో ఫైటర్ చేపలను పెంచు ఇండ్లలో తఱచుగ వినవచ్చు మాట యొకటి కలదు: “గ్రుడ్లు పెట్టినది, పిల్లలైనవి, వారము తిరుగకుండ నొక్కటియు మిగులలేదు.” నీరు చెడినదని కొందఱును, దిష్టి తగిలినదని కొందఱును అనుకొందురు. నీరు చెడుటయు కలదు కాని, పెక్కుమార్లు ఆ పిల్లలు చచ్చునది ఆకలిచేతనే. తొట్టినిండ పొడిమేత చల్లుచున్నను అవి పస్తుండును. అప్పుడే ఈదసాగిన పిల్ల కంటిఱెప్ప వెండ్రుక ముక్కవలె నుండును. దాని నోట పట్టునంతటి మేత దుకాణపు డబ్బాలో సాధారణముగ నుండదు. ఉన్నను, కదలని దానిని ఆ పిల్ల మేతయని యెఱుగదు. మిగిలిన పొడి అడుగున క్రుళ్లి నీటిని పాడుచేయును. కావున ప్రాణమున్న మేతను ఇంటనే పెంచుకొనవలయును. పాలకు తోడు పెట్టుట తెలిసిన సోదరీమణులకు ఇది క్రొత్త విద్య కాదు.

ముందుగ కాలము లెక్కింపవలయును. ఈ జాతిలో పిల్లలను కాచువాడు తండ్రి. నీటిపై నురుగుగూడు కట్టి, జాఱిపడిన గ్రుడ్డును నోట కఱచి మరల గూటిలో చేర్చును. ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పిల్లలగును. ఆపై రెండు మూడు దినములు పిల్లలు తమ కడుపుననున్న సొనతోనే బ్రదుకును. సొన తీఱి స్వేచ్ఛగ ఈదసాగిన నాడు తండ్రిని వేఱు తొట్టికి మార్చి, పిల్లలకు మేత వేయవలయును. ఆనాడు మేతకై వెదకబోయిన దొరకదు. చేపలను జతకూర్చుటకు వారము ముందే మేతసీసా సిద్ధపఱచుట మేలు. గప్పీలకు ఈ తొందర లేదు. అవి ఈదగల పిల్లలనే కనును, ఆ పిల్లల నోరును కొంత పెద్దది.

వెడల్పు మూతిగల గాజుసీసాలో తొట్టిలోని పాతనీరు పోసి, బొటనవ్రేలంత అరటితొక్క వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ఎండ సూటిగ తగులని వెలుతురులో నుంచవలయును. రెండవ మూడవ దినమున నీరు కుడితివలె తెల్లబడి వాసన వేయును. పనిచెడినదని పెక్కుమంది దానిని పాఱబోయుట ఇప్పుడే. (ఇంటిలోని పెద్దలు పాఱబోయుటయు కలదు, వంటింట నుంచకుడు.) ఆ తెల్లదనము బాక్టీరియా. దానిని తిని ఇన్ఫ్యూసోరియా యను సూక్ష్మజీవులు వృద్ధిపొందును. వారము లోపల నీరు తేటపడును. సీసాను దీపమున కెదురుగ పట్టినచో దుమ్మువంటి తెల్లని చుక్కలు మెల్లగ తిరుగుచుండుట కనబడును. వీనిలో పేరుగన్న పారమీషియము సుమారు మిల్లీమీటరులో నాలుగవ వంతుండును. పిల్లలకు దినమునకు మూడుమార్లు కొలది చెంచాల నీరు చాలును. నీరు తేటపడకుండ దుర్గంధము హెచ్చుచున్నచో ఆ సీసా పనికిరాదు.

వారము గడచిన పిల్లలకు ఇంతకంటె పెద్ద మేత కావలయును. ఇందులకు నేను మొయినానే మెచ్చుదును. ఇది గెంతుచు ఈదు చిన్న నీటిపురుగు; పెద్దది మిల్లీమీటరు ప్రాంతముండును, పిల్ల అందులో సగమునకు లోపు. మగదాని తోడులేకయే ఆడది పిల్లలను కనగలదు. పుట్టిన వారములోపలనే ఆ పిల్లయు తల్లియగును. ఒకటి రెండు దినములు నిలువబెట్టిన కుళాయినీటిని ఇరువది లీటర్ల తొట్టిలో పోసి, అలంకారపు చేపల దుకాణమున దొరకు మొయినాను కొంచెము విడువవలయును. మేతగా ఈస్టును చిటికెడు నీట కలిపి పోసిన చాలును. నీరు కొంచెము మసకబాఱవలయునే కాని మజ్జిగవలె కారాదు. మరల తేటపడినగాని తిరిగి వేయరాదు. ప్రేమకొలది మేత వేసిన తొట్టియే త్వరగ చచ్చును. నీటిలో ప్రాణవాయువు తఱిగినప్పుడు పురుగులు ఎఱ్ఱబాఱి ముందే హెచ్చరించును. ఎంత శ్రద్ధ చూపినను ఒక్కొక్క తొట్టి రాత్రికి రాత్రి చెడుట కలదు. అందుచేత తోడు మిగుల్చుకొనునట్లు, రెండవ తొట్టిని ఎల్లప్పుడును వేఱుగ నుంచుకొనవలయును.

ఉప్పునీట పుట్టు ఆర్టీమియా గ్రుడ్లు కొనువారును కలరు. లీటరు నీటికి ఇరువదియైదు గ్రాముల ఉప్పు కలిపి, గాలిబుడగలు ఆడించుచుండిన మన వేడిమిలో ఒక దినమున పిల్లలగును. మేత మంచిదే కాని ఖరీదు. పొదిగిన కొన్ని గంటలలోనే, మంచినీట కడిగి పెట్టవలయును.

కొందఱు ఈ శ్రమయంతయు ఏల యని, పెరటిలో నీటితొట్టి మూత లేక వదలి, అందు పెరుగు దోమపిల్లలను చేపలకు వేయుదురు. చేపలవి ఆశగ తినుమాట నిజమే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపున కనుగొన్నది, ఆయన పిల్లపురుగులనుండి పెంచిన దోమలలోనే. ఆయన పెంచినది పరిశోధనకు. మన పెరటిలో పెరుగునవి పసివారిని కుట్టుటకు. డెంగీ దోమ ఇంటిచుట్టునున్న పాత్రలలోని నిలువనీటనే గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో దోమయై ఎగురును. చేపలు తిన్నవి పోగా మిగిలినవాని లెక్క ఎవరికిని తెలియదు. మొయినా తొట్టికైనను సన్నని వలగుడ్డ బిగించి కట్టుడు. అయినను దోమపిల్ల కనబడెనేని వడగట్టి, ఆ పూటయే పెద్దచేపలకు వేయవలయును, మఱునాటికి ఉంచరాదు.