గానసభలు - గీతకర్తల హక్కులు

చిక్కడపల్లియందలి శ్రీ త్యాగరాయ గానసభలో సాయంకాలములయందు సినిమాపాటల కచేరీలు జరుగుచుండుట భాగ్యనగరవాసు లెరిగినదే. రాంనగరు, అశోక్‌నగరు, నారాయణగూడలనుండి రసికులు వచ్చి, ఘంటసాలవారి పాటలను, బాలసుబ్రహ్మణ్యముగారి పాటలను వర్ధమానగాయకుల నోట విని యానందించి పోవుచుందురు. పగలు కొలువు, సాయంకాలము పాట: వేదికనెక్కువారిలో ఇట్టివారు పలువురు. వీరు పాడు పాటలకు ఎవరి యనుమతి వలయును? ఎవరికి సొమ్ము చెల్లవలయును?

త్యాగరాజస్వామి 1847లో సిద్ధినొందిరి. వారి కృతులు లోకమున కెల్లను సొత్తు. గ్రంథస్వామ్యము కర్త మరణానంతరము 60 సంవత్సరములు నిలుచును గావున, 1974లో దివంగతులైన ఘంటసాల కట్టిన బాణీలపై హక్కు 2034 సంవత్సరాంతమువరకు నుండును. ఆ మహావాగ్గేయకారుని పేర వెలసిన వేదికపై ఆయన కృతిని పాడువాడు ఎవ్వరికిని బాకీపడడు. టిక్కెట్టు పెట్టి సినిమాపాట పాడించువాడు మాత్రము హక్కుదారుల యనుమతి పొందవలసినదే.

1957నాటి చట్టము 52వ సెక్షనులో కొన్ని మినహాయింపులు చూపినది. ఔత్సాహికసంఘము రుసుము చెల్లింపని శ్రోతల యెదుట పాడినచో దోషములేదు. పెండ్లివేడుకలకును అంతే, 2023 జూలైలో కేంద్రప్రభుత్వమువారు దీనిని మరల స్పష్టపరచిరి. అయినను, ప్రవేశము ఉచితముగా నుంచి, వాద్యబృందమునకు ప్రతిఫలమిచ్చి, వ్యయమును దాతలనుండి రాబట్టు సభ ఏ కోవకు చెందును? మన చిన్నసభలు పెక్కింటి స్థితి ఇదియే. చట్టమున దీనికి సూటియైన సమాధానము లేదు.

కవికి, స్వరకర్తకు హక్కే వలదను వాదముతో మేము ఏకీభవింపజాలము. నిర్మాత మూల్యమిచ్చి చలనచిత్రమునకై చేయించుకొన్న పాటకు, వేరు ఒడంబడిక లేనిచో, నిర్మాతయే స్వామియని 1977లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. పాట ఊరూర మ్రోగినను దానిని వ్రాసినవానికి మరల దమ్మిడీ రాని దుస్థితి బహుకాలము సాగినది. 2012 సవరణముతో గదా, సినిమాహాలు వెలుపల ఆ పాట వలన వచ్చు రాయల్టీలో సమభాగము వారికి దక్కినది! ఆ భాగమును వదులుకొందుమని వారు వ్రాసియిచ్చినను చెల్లదు. ఇది యాచన కాదు, కష్టార్జితము.

2017 మార్చిలో, అమెరికా పర్యటనలోనుండిన బాలసుబ్రహ్మణ్యముగారికి ఇళయరాజాగారి పక్షమున న్యాయవాది నోటీసు వచ్చినది. అనుమతిలేక తమ పాటలు పాడరాదని దాని సారాంశము. బాలుగారు ఆ పాటలను ఆ కచేరీలలో విడిచిపెట్టిరి. లోకము ఇద్దరు మిత్రుల కలహమును చర్చించినదేగాని, అసలు ప్రశ్నను చర్చింపలేదు. అనుమతి పొందవలసినవాడు కచేరీ నేర్పరచి సొమ్ము రాబట్టువాడా, పాడువాడా? నిర్వాహకుడే యని మా దృఢాభిప్రాయము. గాయకుని గొంతుపై నోటీసు వ్రేలాడుట తగదు.

ఇంకొక మాట. 2017లో గుర్తింపు పొందిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీవారు ఈ రుసుములు వసూలుచేయుచున్నారు. వసూలు న్యాయమే, పంపకమునకు ఆధారమేది? పాడిన పాటల పట్టికను తీసికొననిచోట ఆ సొమ్ము తెలుగుకవికి చేరెనో, మరియొకరికి పోయెనో తేలుట యెట్లు? ప్రతి సభకును పట్టిక తీసికొనవలయును. రుసుము సభాస్థలమున పట్టు జనమునుబట్టి, టిక్కెట్టు వెలనుబట్టి యుండవలయును. ఆ పట్టీ తెలుగున ముద్రింపబడి సభాద్వారముననే కానరావలయును. దాతల సాయముతో నడచు ఉచితసభల విషయమున ప్రభుత్వమువారు స్పష్టమైన ఉత్తరువు వెలువరించువరకు, నిర్వాహకులు ఈ పట్టికలను తామే వ్రాసి భద్రపరచుకొనుట మేలు.