బూజుకు చెక్కు రాసింది నేను

సంపాదకులు గారికి,

పోయిన శనివారం మీ ఇళ్ల అనుబంధంలో ‘వానాకాలం బూజుకు చెక్’ అంటూ అరపేజీ వ్యాసం వేశారు. కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు గృహప్రవేశానికి ముందే సొంత ఖర్చుతో గోడలకు బూజు మందు కొట్టించుకోవాలట. మొదటి రెండు వానాకాలాలు కొత్త గోడలు చెమ్మెక్కడం ‘సహజం’ అట. ఆ మాట దగ్గర ఆగిపోయి నా కాఫీ చల్లార్చుకున్నాను.

ఆ చెక్కు సంగతి నాకు తెలిసినట్టు మీ వ్యాసకర్తకు తెలియదు. మధురవాడలో ఫ్లాటు కొన్నప్పుడు ‘యాంటీ ఫంగల్ ట్రీట్‌మెంటు’ పేరు చెప్పి బిల్డరు విడిగా 38 వేలు అడిగితే మారుమాట లేకుండా రాసిచ్చినవాణ్ణి నేను. ఏం మందు, ఎవరు తయారుచేసింది, ఎన్నాళ్లు ఆగుతుంది, రసీదులో ఒక్క ముక్క లేదు. బ్రోచరులో మాత్రం ‘బూజు పట్టని గోడలు’ అని బంగారు అక్షరాలు.

2022 నవంబరులో తాళాలిచ్చారు. వాస్తు ప్రకారం నైరుతి గదిలో, నైరుతి మూలకే బీరువా పెట్టాం. మరుసటి ఏడు వాన కూడా నైరుతి నుంచే కొట్టింది. వరలక్ష్మీ వ్రతానికి మా ఆవిడ పట్టుచీర కోసం బీరువా తెరిస్తే గుప్పున ముక్క వాసన. ఆమె పెళ్లినాటి చీర అంచు పొడవునా తెల్లటి బూజు. బీరువా జరిపి చూస్తే గోడంతా నల్లటి మచ్చలు. ఆవకాయ జాడీలో బూజు పడితే పైపైన తీసి పారేస్తాం. గోడనేం చెయ్యాలి?

బిల్డరు పంపిన మనిషి వచ్చీ రాగానే ‘ఇంట్లో బట్టలు ఆరేస్తున్నారా? కిటికీలు మూసి పెడుతున్నారా?’ అని నన్నే బోనులో నిలబెట్టాడు. ఆపైన ఒక చెయ్యి రంగు పూసి వెళ్లాడు. 2024 వానలకు అదే చోట అవే మచ్చలు మళ్లీ లేచాయి. ఆ రోజుల్లోనే మా ఊరి పెద్ద మేస్త్రి తన కూతురి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, బయటికి తొంగి చూసి తేల్చేశాడు: “సజ్జ కింద నీళ్లు జారిపడే గాడి తియ్యలేదు బాబూ. కిటికీ గట్టు లోపలికి వాలిపోనాది. గోడ ఆరకుండానే లప్పం పెట్టీసినారు. ఇంక మందేటి సేస్తాది?”

అయ్యా, అదీ విషయం. గోడలో తడి ఉన్నన్నాళ్లూ బూజు వస్తుంది. ఇళ్లు చెమ్మెక్కకుండా ఎలా కట్టాలో చెప్పే భారతీయ ప్రమాణం, ఐఎస్ 3067, దశాబ్దాలుగా ఉంది. అంటే చెమ్మను ఆపడం కట్టేవాడి పని. కట్టడంలో ఎగ్గొట్టిన పనికి కొన్నవాడు మందు కొని పూసుకోవాలని మీ పత్రిక సలహా!

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ మీ వ్యాసకర్త ఒక్కసారైనా చదివారా? ఇల్లు అప్పగించిన రోజు నుంచి ఐదేళ్లలోపు పనితనంలోగానీ నాణ్యతలోగానీ లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచెయ్యాలి. చెయ్యకపోతే పరిహారం ఇవ్వాలి. బ్రోచరులో అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి 12వ సెక్షన్ ఉంది. మీరేమో ‘సాధారణంగా ఏడాది వారంటీ ఉంటుంది’ అని రాశారు. నా ఒప్పందంలోనూ ఏడాదనే ఉంది. బిల్డరు తన కాగితం మీద ఏడాదని రాసుకున్నంత మాత్రాన పార్లమెంటు రాసిన ఐదేళ్లు చెరిగిపోతాయా? రెరాలో నమోదు అక్కర్లేని చిన్న కట్టడాల సంగతి వేరు, అవి కొన్నవాళ్లకు వినియోగదారుల కమిషన్ ఉంది. ఆ ముక్క కూడా మీరు రాయలేదు.

ఇంకో మాట. ఆ వ్యాసానికి వేసిన బొమ్మలో ఒకావిడ బూజుకర్ర పట్టుకుని సాలెగూళ్లు దులుపుతోంది! మన భాషలో అదీ బూజే, ఇదీ బూజే, ఒప్పుకుంటాను. కానీ బొమ్మ వేసినాయన వ్యాసం చదవలేదని, వ్యాసం రాసినాయన చట్టం చదవలేదని దాంతో తేలిపోయింది. ఆ కిందనే బూజు మందు ప్రకటన ఉంది. దాన్ని మాత్రం ఎవరో శ్రద్ధగా చదివి, సరిగ్గా చోటు చూసి పెట్టారు.

వచ్చే శనివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వెయ్యండి. మందు కొనబోతున్న పాఠకులకు నా మనవి: ముందు ఆ మచ్చల ఫొటోలు తీసి, తేదీ వేసి, బిల్డరుకు రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం పంపండి. నేను ఆ పని రెండేళ్లు ఆలస్యంగా చేశాను. నా ఉత్తరం అంది 30 రోజులు దాటినా గోడ దగ్గరికి ఎవరూ రాలేదు కనక రెరాకు అర్జీ పెట్టాను. ఐదేళ్ల లెక్క తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి. నాకు 2027 నవంబరు దాకా గడువుంది.

— ఒక విశ్రాంత ఉద్యోగి,
మధురవాడ, విశాఖపట్నం