మనవాని బదిలీ పత్రము

2021వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన లండను నగరమున టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ఫుట్‌బాలు జట్టు మాంచెస్టరు సిటీ జట్టును 1–0 తేడాతో ఓడించినది. గోలు కొట్టినవాడు కొరియా దేశస్థుడు సన్ హ్యుంగ్ మిన్. ఆనాడు మైదానములో లేనివాడు హారీ కేన్. టాటెన్‌హామ్ జట్టుకు ముందువరుసన నిలిచి గోళ్లు చేయుటయే పనిగా గలవాడు, పదిహేడేండ్లుగా ఆ క్లబ్బు నీడలో పెరిగినవాడు, ఆ వేసవిలో ఆ మాంచెస్టరు సిటీకే వెళ్లిపోవలెనని కోరుకొన్నవాడు. గెలిచిన సంతోషములో అతని స్వంత అభిమానులే, ఈ ఆటను అతడు చూచుచున్నాడా అని ఎత్తిపొడుపుగా పాడినారు. అంతకుముందు అనేక సంవత్సరములు అతనిని ‘మనవాడు, మనలో ఒకడు’ అని పాడిన గొంతులే అవి. పదిరోజులు గడిచినవి. తాను ఉండిపోవుచున్నానని కేన్ ప్రకటించినాడు. గొంతులు మరల పాత పాటనే అందుకొన్నవి.

ఈ చంచలత్వమును చూచి నవ్వుట తేలిక. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఇంట పెరిగిన పిల్లవాడు దూరదేశము పోయెదనన్నప్పుడు తల్లిదండ్రులు ఉదయము పొమ్మని, సాయంకాలము వద్దని అనుటను మనమందరము చూచియే ఉన్నాము. ఆ మాటలలో తర్కము వెదకువాడు ఆ ఇంటి సంగతి తెలియనివాడు.

కేన్‌ను అమ్మవలెనా, వలదా అన్న వాదము 2021లో ఒకసారి, 2023లో మరియొకసారి సాగినది. రెండవసారి మునుపటికంటె తీవ్రముగా సాగినది. అప్పటికి అతనికి ముప్పది ఏండ్లు నిండినవి. 2018లో చేసికొన్న ఆరేండ్ల ఒడంబడికలో మిగిలినది ఒక్క సంవత్సరము. జర్మనీ దేశపు బయర్న్ మ్యూనిక్ క్లబ్బు సుమారు 10 కోట్ల యూరోలు ఇచ్చుటకు సిద్ధపడినది. ఇప్పుడు అమ్మనిచో వచ్చు వేసవిలో అతడు ఉచితముగా నడచిపోవును. ఒడంబడిక ముగిసిన ఆటగాని బదిలీకి మూల్యము కోరరాదని 1995లో ఐరోపా న్యాయస్థానము బోస్మన్ వ్యాజ్యములో తీర్పు చెప్పి ఉన్నది. కనుక అమ్ముటయే బుద్ధి అన్నారు కొందరు. ఆ ధనముతో ఏమి చేయుదురని ఎదురుపక్షమువారు అడిగినారు. వారి చేతిలో బలమైన దృష్టాంతమే ఉన్నది. 2013లో ఇదే క్లబ్బు గారెత్ బేల్‌ను స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్‌కు అంతవరకు ఎన్నడును ఎరుగని మొత్తమునకు బదిలీ చేసి, ఆ వేసవిలో ఏడుగురు ఆటగాండ్రను కొన్నది. ఆ ఏడుగురిలో అందరును మెచ్చిన ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ ఒక్కడే. ధనము చేతికి వచ్చినంత మాత్రమున అది ఆటగానిగా మారదని ఆ అభిమానులకు ఎవరును పాఠము చెప్పనక్కరలేదు.

మూడవ వర్గము ఒకటి ఉన్నది. వారి లెక్క వేరు. 2023 ఫిబ్రవరిలో కేన్ ఆ క్లబ్బు తరఫున 267వ గోలు కొట్టి, జిమ్మీ గ్రీవ్స్ యొక్క 266 గోళ్ల పాత లెక్కను దాటినాడు. ప్రీమియర్ లీగులో అలన్ షియరర్ చేసిన 260 గోళ్లు ఇంకను ముందున్నవి. కేన్ లెక్క 213 వద్ద నిలిచినది. ఆ శిఖరమును ఇక్కడనే, మన చొక్కాలోనే ఎక్కుము, ధనము పోయిన పోనీ అన్నారు వీరు. గుండె పలికిన మాట ఇది. కాని మూడు వాదములలో నాకు ఒప్పనిది ఇదియే. ఎందుచేతనో చెప్పవలసి ఉన్నది.

మొదట ‘అమ్ముట’ అన్న మాటనే పరిశీలింతము. మనిషిని ఎవరును అమ్మలేరు. చేతులు మారునది అతని పేరు నమోదైన పత్రము. ఉపాధ్యాయులకు ఇది తెలియని సంగతి కాదు: మన పాఠశాలల టి.సి. వంటిదే ఇది. తరగతిలో మొదటి పిల్లవాడు పట్నపు పాఠశాలకు పోవుటకు టి.సి. కోరి ప్రధానోపాధ్యాయుని గదిముందు నిలుచును. పరీక్షా ఫలితములలో పాఠశాల పేరు నిలబెట్టవలసినవాడు వాడే. పత్రము వ్రాసి ఇచ్చు చేయి ఒక్క క్షణము ఆగును. రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని త్రిప్పిన పెద్దలును ఉన్నారు. వారు చెడ్డవారని నేననను. తమ బడిని ప్రేమించినవారు. కాని ఆ పత్రము పిల్లవానిది.

ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలులో ఈ త్రిప్పుట ఒకప్పుడు నియమమై ఉండెడిది. ఒడంబడిక ముగిసిన తరువాత కూడ క్లబ్బు ఇష్టము లేనిచో ఆటగాడు మరియొక క్లబ్బులో చేరుటకు వీలులేదు. వారమునకు 20 పౌనులకు మించి జీతము ఈయరాదన్న కట్టుబాటు 1961 వరకును ఉన్నది. జార్జి ఈస్టుహామ్ అను ఆటగానిని న్యూకాసిల్ క్లబ్బు ఇట్లు పట్టి ఉంచగా, అతడు ఆట మాని వేరొక ఉద్యోగము చేసినాడు, న్యాయస్థానమునకు ఎక్కినాడు. అట్లు పట్టి ఉంచుట మనిషి వృత్తికి అన్యాయమైన అడ్డంకి అని 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్సు తీర్పు చెప్పినాడు. అదే 1961లో టాటెన్‌హామ్ జిమ్మీ గ్రీవ్స్‌ను ఇటలీ దేశపు మిలాన్ నుండి 99,999 పౌనులకు తెచ్చుకొన్నది. లక్ష పౌనుల ఆటగాడన్న బరువు ఆ యువకుని నెత్తిన పడరాదని ఒక్క పౌను తగ్గించినారట. ఆ ఒక్క పౌనును నేను చాలసార్లు తలచుకొందును. కాని అదే గ్రీవ్స్‌ను 1970లో మార్టిన్ పీటర్స్‌కు బదులుగా వెస్టుహామ్‌కు పంపివేసినది కూడ అదే క్లబ్బు.

మనకును ఈ ఎడబాటు క్రొత్త కాదు. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్సు కప్పును గెలిచినది. అట్టి గడ్డనుండి ఆటగాండ్రు ఒక్కొక్కరే కలకత్తా క్లబ్బులకు తరలినారు. సికిందరాబాదు వీధులలో ఆడి పెరిగిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్టు బెంగాలులో చేరినాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకము గెలిచిన భారత జట్టులో రహీం శిక్షకుడు, బలరాం ఆటగాడు. ఇక్కడ ఉండిపోయి ఉండిన ఏమగునో అని ఊహించువారు ఊహింతురు గాక.

లండను సంగతికి వత్తము. 2021లో పంపుటకు నిరాకరించిన అధ్యక్షుడు డేనియల్ లెవీని నేను తప్పుపట్టను. తన చేతితో తాను వ్రాసికొన్న ఒడంబడికలో మూడేండ్లు మిగిలి ఉండగా ఆటగాడు కోరుకొన్నంతనే పంపవలెనన్న, ఒడంబడిక ఎందులకు? 2023 నాటికి సంగతి మారినది. ఆరేండ్లలో అయిదేండ్లు పూర్తియైనవి. పందొమ్మిదేండ్లు ఒకచోట గడపి, 280 గోళ్లు కొట్టి, ఒక్క కప్పును కూడ ఎత్తని మనిషి అతడు. రెండు లీగు కప్పు తుదిపోరులు, ఒక ఐరోపా తుదిపోరు ఆడి మూడింట ఓడినాడు. అట్టివానిని షియరర్ లెక్క దాటుట కొరకు ఉండుమనుట, మన తృప్తి కొరకు వాని మిగిలిన వయస్సును అడుగుట. పత్రము వ్రాసి ఈయవలసినదే. ధర మంచిదగుట కేవలము కలిసివచ్చిన సంగతి.

తరువాతి ఫలితములను తెచ్చి నాకు అడ్డు చెప్పువారు ఉందురు. ఆ ఫలితములు ఎవరికి కావలసిన సాక్ష్యము వారికి ఈయగలవు. కేన్ లీగులో 30 గోళ్లు కొట్టిన 2022–23లో జట్టుకు దక్కినది ఎనిమిదవ స్థానము. అతడు పోయిన తరువాత మొదటి పది లీగు ఆటలలో ఎనిమిది గెలిచి, రెండింట సమానమై, పట్టికలో పైన నిలిచినది! అమ్ముమన్నవారు మీసము మెలివేసినారు. సంవత్సరాంతమునకు అయిదవ స్థానము. ఆ మరుసటి ఏడు ఇరువదింటిలో పదునేడవ స్థానము. వద్దన్నవారి వంతు వచ్చినది. కాని పదునేడవ స్థానమున నిలిచిన ఆ ఏడే, 2025 మే 21న బిల్బావులో మాంచెస్టరు యునైటెడ్‌ను 1–0తో ఓడించి యూరోపా లీగును గెలిచినది. 2008 తరువాత ఆ క్లబ్బు చూచిన మొదటి కప్పు అది. అటు మ్యూనిక్‌లో కేన్ మొదటి సంవత్సరము 36 లీగు గోళ్లు కొట్టియు ఏమియు గెలువలేదు. రెండవ సంవత్సరము, అదే మే నెలలో, జర్మనీ లీగు విజేత అయినాడు. ఈ లెక్కలతో ఏ పక్షము ఏమి నిరూపింపగలదో నాకు బోధపడదు.

నన్ను కలతపెట్టునది వేరొకటి. ఈ వాదములో గొంతు చించుకొన్నవారిలో ఒక్కనికిని ఓటు లేదు. టాటెన్‌హామ్ క్లబ్బు ఒక పెట్టుబడి సంస్థ చేతిలో ఉన్నది. తరతరాలుగా అదే గేటున టిక్కెట్టు చూపి లోపలికి పోవు కుటుంబమునకు, తమ ‘మనవాడు’ ఉండునా పోవునా అన్నది పత్రికలో చదివి తెలిసికొనుటయే మిగిలినది. కేన్‌ను తీసికొనిపోయిన బయర్న్‌లో సంగతి ఇట్లుండదు. అక్కడ వాటాలలో 75 శాతము సభ్యుల సంఘముదే. జర్మనీలో క్లబ్బు పెత్తనము సభ్యుల చేయి దాటిపోరాదన్నది సాధారణ నియమము. సభ్యులు ఆటగాండ్రను ఎన్నుకొనరు, నిజమే. నాయకులను నిలదీసి అడుగుటకు వారికొక సభ, ఒక చీటి ఉన్నవి. లండను అభిమానికి ఉన్నది పాట మాత్రమే. అందుచేత ఆ పాటలో ఒకనాడు ప్రేమ, ఒకనాడు విషము పొంగినవన్న నాకు ఆశ్చర్యము లేదు.

2024 ఆగస్టులో బయర్న్ జట్టు స్నేహపూర్వకమైన ఆట కొరకు టాటెన్‌హామ్ మైదానమునకే వచ్చినది. కేన్ ఆట చివరి భాగమున మాత్రము, పరాయి జట్టు చొక్కాలో, లోపలికి దిగినాడు. జనము లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. బయర్న్ 3–2తో గెలిచినది. ఆ ఫలితమును గూర్చి మరునాడు ఎవరును పెద్దగా తగవులాడినట్లు నేను వినలేదు.