ఈ సెలవుల సంచిలో ఒక్క తెలుగు నవల పెట్టుకోండి



ఉస్లాపూర్‌లోనూ బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ ఉంటున్న మన తెలుగువాళ్ల పుస్తకాల బీరువాలో ‘బారిస్టర్ పార్వతీశం’ నవల ఉంది. వెనక అట్టకి అంటించిన తేదీల కాగితం మీద ఆఖరి ముద్ర 2011 మే నెలది. ఆ కింద గడులన్నీ ఖాళీ. పుస్తకం చిరగలేదు, చెద పట్టలేదు, పేజీలన్నీ ఉన్నాయి. అడిగిన మనిషే లేడు. బీరువా తాళంచెవి ఉండేది నా దగ్గర కనుక ఆ ఖాళీ గడులకి ముందుగా జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఊరుకోలేక రాస్తున్నాను.

పిల్లల పరీక్షలు అయిపోయాయి. ఇంటింటా రైల్వే పాసుల మాటే. కోర్బా–విశాఖ బండిలో బెర్తుల కోసం తిప్పలు పడుతున్నారు. రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా సాగే ఆ ప్రయాణానికి పులిహోర కడతారు, నీళ్ల సీసాలు సర్దుతారు, ఛార్జర్ పెట్టామా లేదా అని రెండుసార్లు తడుముకుంటారు. అంత సంచిలో ఒక్క నవలకి చోటు లేదా?

పుస్తకం దూరమనీ అనలేం. కృష్ణా డెల్టాలో 1935లోనే పాతూరి నాగభూషణం గారు పడవకి పుస్తకాలెత్తి కాలువ వెంట ఊరూరికీ పంపారు. కాలువ మీదే గ్రంథాలయం నడిచింది. మనకి పడవ అక్కర్లేదు, రోడ్డు దాటితే చాలు. పార్వతీశం కోసం ఆ రోడ్డుని 2011 తర్వాత ఒక్కరూ దాటలేదు. బెంగాల్–నాగపూర్ రైల్వే నాటినుంచీ ఇక్కడ పాతుకుపోయిన కుటుంబాలు మనవి. సంక్రాంతికి అరిసెలు మానలేదు, ఉగాది పచ్చడి మానలేదు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత బద్ధకం?

ఏం చదవాలో తెలీదంటారు. సరే, బీరువా చూసుకునే మేం ముగ్గురం తలొకటి చెబుతాం, వినండి.

మాతో కూర్చునే రిటైర్డ్ గార్డు గారి ఓటు పార్వతీశానికే. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పార్వతీశం మొగల్తూరు కుర్రాడు. ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, నిడదవోలులో రైలెక్కి, మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని, ఓడలో ఇంగ్లండు వెళతాడు. బండిలో పైకి చదివారంటే పక్క బెర్తుల వాళ్లు కూడా చెవులప్పగిస్తారు.

టీచరు గారు చెప్పేది కొడవటిగంటి కుటుంబరావు గారి ‘చదువు’. సుందరం అనే పిల్లవాడి చదువుతో పాటు 1915 నుంచి 1935 దాకా నడిచిన దేశం కథ అది. పిల్లల్ని భిలాయికో కోటాకో కోచింగ్‌కి పంపే తల్లిదండ్రులు ముందు తాము చదివి, తర్వాత పిల్లలకివ్వాలని ఆవిడ గట్టి మాట.

నేనిచ్చేది కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. రచయిత డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసినాయన. పందులు కాసుకునే ముసలాయన తప్పిపోయిన సుక్కపంది కోసం అడవిలోకి వెళతాడు. ఆ రాత్రి అడవిలో అతనికి ఎదురైనదే కథంతా. పేజీలు తక్కువ. బిలాస్‌పూర్‌లో మొదలుపెడితే విజయనగరం వచ్చేలోపు అయిపోతుంది. మొదటి పదిపేజీలు ఓపిక పట్టండి, ఆపైన పుస్తకమే మిమ్మల్ని వదలదు. ఇన్నేళ్లలో ఇంత గట్టిగా నేనెవరికీ ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇక నాకు ఎక్కువగా వినిపించే జవాబు: “మావాడికి తెలుగు అక్షరాలు రావండీ.” రావు, నిజమే. నేర్పితేగా వచ్చేది! హిందీ మీడియం పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకీ దారుంది. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ని పి.వి. నరసింహారావు గారు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. అది మన బీరువాలో లేదు. ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి ఇవ్వండి. అంతవరకూ పెద్దవాళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ అరగంట పైకి చదవండి. అక్షరం రాకపోయినా చెవికి తెలుగు వస్తుంది కదా. మధ్యాహ్నం రెండు సీరియళ్లు చూసే ఇంట్లో అరగంట దొరకదంటే నేను నమ్మను.

ఆదివారం పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా బీరువా తెరిచే ఉంచుతాం. చందా లేదు, డిపాజిట్ లేదు. పేరు రాసి పుస్తకం పట్టుకెళ్లండి. సెలవులైపోయి స్కూళ్లు తెరిచాక తెచ్చిస్తే చాలు. వచ్చేటప్పుడు విశాఖలోనో విజయనగరంలోనో ఒక్క నవల కొని తెచ్చి బీరువాలో పెట్టండి, పాతదైనా పరవాలేదు. మీకు నచ్చిన నవల పేరూ, ఎందుకు నచ్చిందో రెండు ముక్కలూ చీటీ మీద రాసివ్వండి. బీరువా తలుపుకి అంటిస్తాం. మా ముగ్గురి మాట వినకపోయినా మీ పక్క క్వార్టర్ వాళ్లు మీ మాట వింటారు.

పైకి చదివి వినిపించడానికి గొంతున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కావాలి. సెలవులకి ఊరెళ్లని పిల్లలు చాలామందే ఉన్నారు. సాయంత్రాలు వాళ్లని కూర్చోబెట్టి పార్వతీశంతోనే మొదలుపెడదాం. వచ్చే ఆదివారం రండి, పేర్లు రాసుకుంటాం.