ఆ మూడున్నరేళ్లు వరం కాదు

మహమ్మద్ అలీ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. 1967 నుంచి 1970 దాకా రింగులో అడుగుపెట్టనివ్వకపోవడం చివరికి అతనికి మేలే చేసిందని, అన్నాళ్లు దెబ్బలు తప్పాయి కాబట్టే ఆ తర్వాత అంతకాలం ఆడగలిగాడని, ఆ ఎడబాటే లేకపోతే చరిత్రలో ఇంత చోటు దక్కేది కాదని. అలీ అంటే ప్రాణమిచ్చేవాళ్లు కూడా ఇలా అంటుంటారు. అభిమానంతో అన్నా తప్పు తప్పే. ఒక మనిషికి జరిగిన అన్యాయాన్ని ఈ మాట ఉపకారం కింద జమ కడుతోంది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. 1967 మార్చి 22న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జోరా ఫోలీని 7వ రౌండులో పడగొట్టేనాటికి అలీకి పాతికేళ్లు. ఆడిన 29 పోటీలూ గెలిచాడు. అప్పటి ఫిల్ములు చూడండి. చేతులు నడుము దగ్గర వేలాడుతుంటాయి. పంచ్ వస్తుంటే చేయి అడ్డం పెట్టడు, తలను వెనక్కి లాగేస్తాడు. ఎదుటివాడి గ్లవ్ గడ్డం ముందు గాల్లోనే ఆగిపోతుంది. బాక్సింగ్ నేర్పే ఏ గురువైనా ఇలా చేయొద్దనే చెబుతాడు. కాళ్లు ఒక్క క్షణం వెనకబడితే ఆ దెబ్బ నేరుగా మొహం మీదే పడుతుంది మరి. అలీ కాళ్లు వెనకబడేవి కావు. 1966లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో పోటీనే అతని శిఖరమని చాలామంది చూపిస్తారు. నాకది సరైన కొలతగా తోచదు. విలియమ్స్ అప్పటికే పోలీసు తూటా తిని, చావు తప్పి బయటపడ్డ మనిషి. 1967 ఫిబ్రవరిలో ఎర్నీ టెరెల్‌తో 15 రౌండ్లూ అలీ ఎలా కదిలాడో చూడాలి. ఆ వేగం ఆ వయసుది. వాడకుండా దాచి తర్వాత తీసుకుందామంటే ఉండేది కాదు.

1970 అక్టోబర్ 26న అట్లాంటాలో తిరిగి ఆడినప్పుడు జెర్రీ క్వారీకి కంటి దగ్గర చర్మం చిట్లి 3 రౌండ్లకే పోటీ ముగిసింది. కాబట్టి అసలు విషయం బయటపడలేదు. డిసెంబరులో ఆస్కార్ బొనవేనాను పడగొట్టడానికి 15వ రౌండు దాకా పట్టింది. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్ ముందు అలీ పదేపదే తాళ్లకు ఆనుకోవడం లోకమంతా చూసింది. చివరి రౌండులో కుడి చేయి దించి అప్పర్‌కట్ వేయబోయాడు. ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్ దవడకు తగిలి అలీ వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచాడు, కానీ పోటీ ఓడిపోయాడు.

నిషేధానికి ముందు దెబ్బలే తినలేదని నేననను. సన్నీ బ్యాంక్స్, హెన్రీ కూపర్ అతణ్ని కింద పడేసినవాళ్లే. అయినా అప్పుడు అతని రక్షణ అంటే దెబ్బ తగలకుండా చూసుకోవడం. తిరిగొచ్చాక, తగిలినా తట్టుకోవడమే రక్షణ అయింది. కాళ్లు మునుపటిలా లేకపోయేసరికి తాను దెబ్బలకు ఓర్చుకోగలనని అలీ కనిపెట్టాడని, అదే అతనికి చేటయిందని అతని వైద్యుడు ఫెర్డీ పచెకో చెబుతూ వచ్చాడు. 1973లో కెన్ నార్టన్ చేతిలో దవడ విరిగింది. 1975లో మనీలా ఉక్కలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు. తిరిగొచ్చాక మొత్తం 32 పోటీలు, 5 ఓటములు. 1984లో పార్కిన్‌సన్స్ బయటపడింది. దానికి కారణం ఇదొక్కటేనని చెప్పే అధికారం నాకు లేదు. కానీ మూడున్నరేళ్లు ఒంటికి విశ్రాంతి దొరికిందని మురిసిపోయేవాళ్లు ఆ తర్వాతి పదకొండేళ్లు ఆ ఒంటి మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో కూడా చూడాలి. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌పై గెలుపు మహాద్భుతమే. ఆ గెలుపు కోసం అతను తాళ్ల మీద వాలి, పొట్ట మీద, చేతుల మీద దెబ్బలు కాయాల్సి వచ్చింది.

ఇక కీర్తి సంగతి. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునే చోట తన పేరు పిలిస్తే అలీ ముందుకు అడుగేయలేదు, చేరనని నిరాకరించాడు. ఆ నిర్ణయం అతనిది. అదే రోజు న్యూయార్క్ అథ్లెటిక్ కమిషన్ లైసెన్సును సస్పెండ్ చేసి, టైటిల్‌ను గుర్తించబోమంది. ఆ నిర్ణయం అలీది కాదు. అప్పటికి విచారణే మొదలవలేదు, కోర్టు దోషిగా తేల్చింది జూన్ 20న. 5 ఏళ్ల శిక్ష పడినా అప్పీలు నడుస్తున్నందున బెయిలు మీద బయటే ఉన్నాడు. పాస్‌పోర్టు లాక్కోవడంతో విదేశాల్లో ఆడుకునే దారి కూడా మూసుకుపోయింది. హత్య, దోపిడీ, సైన్యం నుంచి పరారీ లాంటి నేరాల్లో శిక్షపడిన 200 మందికి పైగా ఇదే కమిషన్ లైసెన్సులిచ్చిందని 1970లో ఫెడరల్ కోర్టులో రుజువైంది. అలీకి మాత్రం నిరాకరించడం అన్యాయమని జడ్జి తేల్చాకే ఆ తలుపు తెరుచుకుంది. సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసింది 1971 జూన్ 28న, ఫ్రేజియర్ చేతిలో ఓడిన మూడు నెలల పైచిలుకు తర్వాత.

నిషేధమే అలీని గొప్పవాణ్ని చేసిందనడం రాముడి కీర్తిలో కైకేయికి వాటా ఇవ్వడమే. కోల్పోయింది లేకపోతే త్యాగం ఎక్కడుంటుందని ఎదురు ప్రశ్న వేస్తారు. అయిదేళ్లు జైల్లో గడపాల్సి రావచ్చని తెలిసే అతను హ్యూస్టన్‌లో కదలకుండా నిలబడ్డాడు. త్యాగం అక్కడే జరిగిపోయింది. తుది తీర్పు వచ్చేదాకా కమిషన్ ఆగి ఉన్నా అతని తెగువ వీసమెత్తు తగ్గేది కాదు.

ఈ కథలో ఫ్రేజియర్‌ను అందరూ మర్చిపోతారు. 1968లో అతనికి 24, అలీకి 26. ఇద్దరూ నిండు సత్తువలో ఉన్నప్పుడు తలపడి ఉంటే ఎవరు గెలిచేవారో ఎవరూ చెప్పలేరు. ఫ్రేజియరే గెలిచేవాడేమో కూడా. కానీ 1971లో అంత గొప్పగా గెలిచిన మనిషి కూడా, అలీ అప్పటికి మూడున్నరేళ్లు ఆటకు దూరంగా ఉన్నాడు కదా అన్న మాటను బతికున్నన్నాళ్లూ వినాల్సి వచ్చింది.